మూడో కూత

నేను ఒక చేతి సైరన్‌ని. నాకు కరెంటుతో పని లేదు. ఒక మనిషి, అతనికి ఓపికున్న ఒక చెయ్యి ఉంటే చాలు. పక్కనున్న పిడి పట్టుకొని తిప్పితే నా కడుపులోని చక్రం గిర్రున తిరుగుతుంది. గాలి సందుల్లోంచి కోసుకొని బయటికొస్తుంది. మొదట మూలుగులా, తర్వాత ఏడుపులా, చివరకు ఊరు పట్టనంత కేకలా. లోకంలో అందరికీ ఎన్నో మాటలు తెలుసు. పుట్టుకతో నాకు తెలిసింది ‘జాగ్రత్త’ అనే ఒక్క మాట. అది కూడా నా అంతట నేను అనలేను. ఎవరో ఒకరు తిప్పాలి.

నేను పుట్టింది కోయంబత్తూరు పక్కన ఒక చిన్న పోతపని షెడ్డులో. కరిగిన లోహాన్ని ఇసుక అచ్చులోకి వంచే ముందు ఆ పోతపని మనిషి బీడీ ఆర్పేసి, కళ్ళు మూసుకొని తన దేవుణ్ణి తలుచుకున్నాడు. పనిముట్టు పుట్టేటప్పుడు దేవుణ్ణి తలుచుకుంటారు, అది చేయబోయే పని గురించి మాత్రం ఎవరూ అడగరు. కాళ్ళు బిగించి, ఎర్రరంగు వేసి, పెరట్లో పెట్టి నన్ను మొదటిసారి తిప్పినప్పుడు ప్రహరీ మీది కాకి ఒకటి బెదిరి ఎగిరిపోయింది. అందరూ నవ్వారు. పుట్టగానే నేను చేసిన మొదటి పని ఒక పక్షిని బెదరగొట్టడం. ఆనాడు అది శుభశకునం అనుకున్నాను.

నాతోపాటు పుట్టినవాటిలో ఒకటి నూలు మిల్లుకు పోయింది, ఒకటి ఆనకట్టకు పోయింది. నన్ను గోనెలో చుట్టి లారీ ఎక్కించి గోదావరి దాటించారు. దింపిన చోట ఒక ఊరుంది. పేరు గుట్టకిందిపల్లె. పేరుకు తగ్గట్టు ఊరి మీదికి వంగినట్టు ఒక నిట్టనిలువు రాతిగుట్ట ఉండేది. దాని చరియల నిండా తెల్లని రెట్టచారలు. ఆ చరియల్లో రాబందులు కాపురం ఉండేవి. గుట్ట కింద బొగ్గు ఉందని కంపెనీవాళ్ళు కనిపెట్టారు. భూమిని పైనుంచి పొరలు పొరలుగా తీసుకుంటూ పోయే గని అది. అక్కడివాళ్ళు ఓసీ అంటారు.

నన్ను మోగించే పని ఓదెలుకు అప్పగించారు. గనికి పొలం పోయినందుకు అతనికి వచ్చిన ఉద్యోగం అది. తెల్లవారుతూనే స్నానం చేసి, నుదుట పసుపు బండారి పెట్టుకొని, నా పిడిని కళ్ళకద్దుకుంటేగాని తిప్పేవాడు కాదు. దసరా రోజున నాకు బొట్టు పెట్టి, నిమ్మకాయ కోసి, ముందుగా గని మైసమ్మకు, తర్వాత నాకు దండం పెట్టేవాడు. బొగ్గుగని ఉన్నచోట మైసమ్మ ఉండి తీరాలి. భూమి కడుపు కోసేవాడికి ఆ తల్లే దిక్కు. గని పెరిగినకొద్దీ అమ్మవారి గద్దె అడ్డమొస్తూ ఉండేది. లేపి వెనక్కు జరిపేవారు. ఊరివాళ్ళకు ఇచ్చినట్టే ఆమెకూ పునరావాసం ఇచ్చారు. ఆమె మాత్రం దానికోసం ఆఫీసుల చుట్టూ తిరగలేదు.

గనిలో నా కూతలు మూడు. మొదటిది ఎక్కుతూ దిగుతూ సాగే పొడుగు కూత. మందు నింపాం, దూరం పోండి అని. రెండోది పొట్టిగా, తెంపుతెంపుగా. ఇక పేలుస్తున్నాం అని. దాని వెనకే నేల అదిరేది. దుమ్ము అణిగి, పేలకుండా మిగిలిన మందు లేదని చూసుకున్నాక మూడోది. ఎక్కకుండా దిగకుండా ఒకే ఎత్తులో నిమ్మళంగా సాగే కూత. భయం లేదు, ఇక రండి అని.

మనుషుల సంగతి చెబితే మీరు నొచ్చుకోకండి. మొదటి కూత వినగానే మేకలు పరుగెత్తేవి, కుక్కలు మంచాల కింద దూరేవి, మనుషులు మాత్రం చూద్దామని బయటికొచ్చేవారు. మధ్యాహ్నం పేలుళ్ళకు అడ్డం రాకుండా పురోహితుడు పెళ్ళి ముహూర్తాలను కాస్త ముందుకు జరిపేవాడు. గ్రహాలు కూడా కంపెనీ షిఫ్టుకు లోబడే ఉన్నాయని నాకు అప్పుడే తెలిసింది. ఊళ్ళో నా మాటను పూర్తిగా లెక్కచేసింది ఒక్క కొమురవ్వ. ఓదెలు భార్య. మొదటి కూతకు వడియాల చేట లోపలికి పోయేది. దుమ్మంతా అణిగి మూడో కూత పూర్తయితేగాని బయటికొచ్చేది కాదు. “నీ కూత మీద నాకున్న నమ్మకం నీ మాట మీద లేదయ్యో” అని మొగుణ్ణి ఆటపట్టించేది.

ఆమె తర్వాత నన్ను లెక్కచేసినవి రాబందులు. గుట్టకు దూరంగా పేలుళ్ళు మొదలైన కొత్తలో చప్పుడుకు బెదిరిపోయి లేచేవి. కొన్నాళ్ళకు చప్పుడు దాకా ఆగడం మానేశాయి. నా మొదటి కూతకే చరియలు వదిలి, ఆకాశంలో ఎత్తున చుట్టలు తిరుగుతూ, మూడో కూత వినపడ్డాక ఒక్కొక్కటే దిగేవి. ఊరివాళ్ళకు అవంటే గిట్టదు. రాబందు ఇంటి మీద వాలితే ఇల్లు వదిలేసి శాంతి చేయించుకున్నాకే మళ్ళీ గడప తొక్కేవారు. ఓదెలు చిన్నతనంలో వాళ్ళ గుడిసె మీద ఒకటి వాలిందట. తల్లి పిల్లల్ని వెంటబెట్టుకొని చెట్టు కింద వంట చేసుకుందట. “గుడిసెలకు మల్ల పోయినంక ఏం గాలే. గద్దె మీదున్న తల్లి సల్లగ సూసింది. కంపెనీ వాలినంకనే ఇల్లు పోయింది” అనేవాడు అతను నాతో. నాతోనే అనేవాడు, ఎందుకంటే నేను ఎవరితోనూ చెప్పను.

గని గుట్టను చేరింది. మొదట పాదం పోయింది, తర్వాత నడుం. పక్షులు నా కూతకు లేచేవి, మిగిలినంత గుట్ట మీద మళ్ళీ దిగేవి. ఒకనాడు పైకొన కూడా పేల్చారు. దుమ్ము అణిగింది. ఓదెలు ఎప్పటిలాగే పిడి తిప్పాడు, నేను ఎప్పటిలాగే మూడో కూత కూశాను. భయం లేదు, రండి అని. అవి వచ్చాయి. కిందికంటా దిగి, చుట్టూ తిరిగి, మళ్ళీ పైకి లేచి, మళ్ళీ దిగాయి. వాలడానికి గుట్ట లేదు. నేను నాకు నేర్పినట్టే కూశాను. ఆ మాట ఎవరికి అబద్ధమైందో ఆలోచించే వీలు సైరన్‌కు ఉండదు. చీకటిపడేదాకా తిరిగి, గోదావరి వైపు వెళ్ళిపోయాయి. ఓదెలు ఆ రాత్రి అన్నం తినలేదని మర్నాడు కొమురవ్వ ఎవరితోనో అంటుంటే విన్నాను.

ఊరిని కూడా లేపి కాలనీలో పెట్టారు. గుట్ట లేదు, పల్లె లేదు. పేరు మాత్రం గుట్టకిందిపల్లె అనే ఉండిపోయింది.

ఏళ్ళు గడిచాయి. గని లోతైంది. గుట్ట ఉన్నచోట గుట్టకు తలకిందులైన గుంత ఏర్పడింది. దాని తూర్పు వైపున నిట్రంగా ఒక గోడ నిలిచింది, మెట్లు మెట్లుగా చరియలతో. మనుషులు తమకు తెలియకుండానే ఒక గుట్టను కోసి మరో గుట్టను చెక్కారు. బొగ్గు అయిపోవస్తున్న రోజుల్లో ఒక చలికాలం ఉదయం ఆ గోడ మీద తెల్లని చారలు కనబడ్డాయి. రాబందులు రెండే రెండు. పాతవో, వాటి పిల్లలో నాకు తెలియదు. కానీ గుంత అవతల మిగిలిన కాస్త పేలుడు పనికి నేను మొదటి కూత కూయగానే లేచాయి. మూడో కూతకు దిగాయి. ఈసారి దిగడానికి చోటుంది.

గని మూతపడింది. మనుషులు పోయారు, యంత్రాలు పోయాయి, అడుగున నీళ్ళు చేరాయి. ఓదెలు ఉద్యోగం కూడా గనితోపాటే ముగిసింది. మామూలుగా ఒక కార్మికుడు దిగిపోయేనాడు గౌరవంగా సైరన్ మోగిస్తారు. గని ఆగిపోయిన హడావిడిలో అతని కోసం ఎవరూ నన్ను తిప్పలేదు. తనకోసం తానే తిప్పుకోవడం బాగుండదని అతనూ తిప్పలేదు. నన్ను మాత్రం అడిగి తీసుకొచ్చి మైసమ్మ గద్దె పక్కన రేకుల కింద పెట్టాడు. అక్కడినుంచి తూర్పు గోడ ఎదురుగా కనబడుతుంది. రోజూ దీపం పెట్టడానికి వచ్చి నా మీది దుమ్ము తుడిచేవాడు.

గని మూస్తే చాలదట, దాన్ని బాగుచేసి అప్పగించాలట. మట్టిదిబ్బల మీద మొక్కలు నాటారు. గుంతలో పడవలు తిప్పుతామన్నారు. నిట్రంగా ఉన్న గోడలన్నీ పేల్చి, పశువులు దిగి ఎక్కేంత వాలుగా చేస్తామన్నారు. మంచి మాటే. కిందటి ఏడు కాలనీలోని గట్టయ్య బర్రెదుడ్డె, ఏడాది దూడ, గోడ అంచున మేస్తూ కిందపడి చచ్చింది. రేపు ఏ మనిషో పడతాడు.

తూర్పు గోడకు పేలుడు మందు పెట్టే రోజు దగ్గరపడినప్పుడు అడవి శాఖ బీట్ ఆఫీసర్ కౌసల్య మోటారుసైకిలు మీద వచ్చింది. ఆసిఫాబాద్ వైపు గోండు పిల్ల. గోడ మీద రాబందు గూడుందని, గూట్లో పిల్ల ఉందని, ఏడాదికి ఒకే గుడ్డు పెట్టే జాతి అని, ఈ చుట్టుపట్ల అవి వేళ్ళ మీద లెక్కపెట్టేంతే మిగిలాయని చెప్పి పని ఆపించింది. కంపెనీ ప్రాజెక్టు ఆఫీసరు కాలనీవాళ్ళను మైసమ్మ గద్దె దగ్గరికే పిలిచాడు. నేను రేకుల కింద ఉండి అంతా విన్నాను.

“మేడం, నా దుడ్డె సచ్చింది. మీ పిట్ట బతికుంది. ఇదేం లెక్క?” అన్నాడు గట్టయ్య.

“వాలు చెయ్యద్దంటలేనన్నా. మిగిలిన గోడలన్నీ చెయ్యమనండి. ఈ ఒక్క గోడ, పిల్ల ఎగిరేదాక.”

“గద్ద పిల్లనా, రాబందు పిల్లనా?” అడిగింది కొమురవ్వ.

“రాబందే అవ్వా.”

“థూ! పీనుగలు తినేదా? అది నీకేం సుట్టమైతది బిడ్డా?”

అందరూ నవ్వారు. కౌసల్య కూడా నవ్వింది. “సుట్టం గాదు, సఫాయి మనిషి. గొడ్డు సస్తే గంటల సాపు జేసేది. గొడ్లకిచ్చే నొప్పుల సూది మందు, ఆ గొడ్లను తిన్న ఆటికి విషమై సచ్చినయ్. ఇప్పుడు మీ కాలనీ ఎనక సచ్చిన గొడ్ల కాడ ఎన్ని కుక్కలున్నయో నువ్వే చెప్పు.”

“కుక్కల సంగతి నన్నడుగకు. మొన్న నా కోడిని పట్కపోయినయ్” అన్నారెవరో వెనకనుంచి.

కొమురవ్వ మాత్రం నవ్వు ఆపేసింది. “అది సరే బిడ్డా. మా గుట్ట పేల్చిననాడు కింద మనుషులున్నరని ఎవ్వలన్న బండేసుకోని అచ్చిన్రా? పిట్టకైతే ఆఫీసరొచ్చె.”

ప్రాజెక్టు ఆఫీసరు తన బూట్ల వైపు చూసుకున్నాడు. “రాలేదవ్వా. రావాల్సింది” అంది కౌసల్య మెల్లగా. ఆ పిల్ల అప్పటికి పుట్టి కూడా ఉండదు. అయినా తప్పించుకోలేదు.

చివరకు ప్రాజెక్టు ఆఫీసరు ఒక మాట ఇచ్చాడు. “ఎండాకాలం అయ్యేదాకా ఆగుదాం. పిల్ల ఎగిరిందనుకోండి, ఈ గోడ ఇట్లానే ఉంటుంది, అంచుకు కంచె వేయిస్తాను. ఎగరలేదంటే ఖాళీ గోడకు కాపలా ఎందుకని పైవాళ్ళు నన్ను అడుగుతారు. వానలకు ముందే పేల్చేస్తాం.” గట్టయ్య గొణిగాడు. కంచె ముందుగా వేస్తేనే ఒప్పుకుంటానన్నాడు, వేయించుకున్నాడు. అట్లా ఆ గోడ బతుకంతా ఇంకా ఈకలు రాని ఒక పిల్ల మీద నిలబడింది.

శివరాత్రి పోయి ఎండలు ముదిరాయి. తల్లో తండ్రో ఒకటి ఎప్పుడూ గూట్లోనే ఉండేది. గూడు పడమటి మొహాన ఉంది కనుక మధ్యాహ్నం కాగానే ఎండ నేరుగా దాని మీద పడేది. అప్పుడు పెద్ద పక్షి రెక్క గొడుగులా పట్టి పిల్లను నీడలో ఉంచేది. మైసమ్మకు పందిరి వేసే ఓదెలు ఆ రెక్కను చూసి, “తల్లీ, నీ గుడికన్న ఆ గూడు నయమున్నది” అని నవ్వేవాడు. కొమురవ్వ కూడా దీపం వేళ అతని వెంట వచ్చి, చేతిని కళ్ళకు అడ్డం పెట్టుకొని ఓసారి అటు చూసి, “పాడు పిట్ట” అని పోయేది. చూడకుండా మాత్రం పోయేది కాదు.

ఇంతలో ఈ మంచిపని అందరికీ తెలియాలని పైవాళ్ళకు తోచింది. గోడకు ఎదురుగా పెద్ద బోర్డు పెట్టారు. ‘రాబందుల సంరక్షణ ప్రాంతం. నిశ్శబ్దం పాటించండి’ అని. దాన్ని ప్రారంభించడానికి హైదరాబాదునుంచి పెద్దసారు ఒకాయన వస్తున్నాడన్నారు. కౌసల్య ముందుగానే వచ్చి డప్పులు వద్దంది, పటాకులు వద్దంది, మైకు చిన్నగా పెట్టమంది. ప్రాజెక్టు ఆఫీసరు అన్నిటికీ ఒప్పుకున్నాడు. చెప్పిన మాట తప్పలేదు కూడా. డప్పు లేదు, పటాకు లేదు.

కానీ బొగ్గుబాయి ఊళ్ళలో సైరన్‌ను చప్పుడుగా ఎవరూ లెక్కపెట్టరు. షిఫ్టుకు సైరన్, జెండా పండుగకు సైరన్, గనిలో మనిషి పోతే సైరన్, మహాత్ముని వర్ధంతికి అందరూ నిలబడి మౌనం పాటించడానికీ సైరనే. అక్కడ మౌనం మొదలయ్యేదే కూతతో. అందుకని పెద్దసారుకు గౌరవంగా పాత సైరన్ మోగిద్దామని ఎవరో అన్నప్పుడు అందరికీ అది భక్తిగానే తోచింది. నాకు కొత్త ఎర్రరంగు వేశారు. బంతిపూల దండ వేశారు. ఓదెలును పిలిచి, “నీ రిటైర్మెంటుకు మోగించలేదు కదా ఓదెలూ, ఇది నీ కూత కూడా అనుకో” అన్నాడు ప్రాజెక్టు ఆఫీసరు. మంచి మనసుతోనే అన్నాడు. ఓదెలు కొత్త పంచె కట్టుకొచ్చాడు. కళ్ళు తుడుచుకొని నా పిడిని కళ్ళకద్దుకున్నాడు.

పెద్దసారు ఆలస్యంగా, ఎండ నడినెత్తిన ఉండగా దిగాడు. ఆయన కాన్వాయ్‌కి చెందిన, దారి తప్పిన బళ్ళను తీసుకొస్తూ కౌసల్య ఇంకా వెనకే ఉంది. రిబ్బను తెగింది. ఓదెలు తిప్పాడు. నన్ను తిప్పితే కూయక తప్పదు. మొదటి కూత, పొడుగ్గా, ఎక్కుతూ దిగుతూ, ‘నిశ్శబ్దం పాటించండి’ అనే బోర్డు పక్కన నిలబడి, గుంత అంతా మారుమోగేట్టు కూశాను.

గోడ మీది రెక్క ముడుచుకుంది. రెండు పక్షులూ గాలిలోకి జారాయి.

“అబ్బ!” అన్నాడు పెద్దసారు.

“మీకు స్వాగతం చెప్తున్నాయి సార్” అన్నారు పక్కవాళ్ళు. చప్పట్లు కొట్టారు. ఫోన్లు పైకెత్తి ఫోటోలు తీసుకున్నారు. ఓదెలు చెయ్యి పిడి మీదే ఉండిపోయింది. అతని మొహంలోని సంతోషం మెల్లగా తగ్గిపోవడం దగ్గరగా ఉన్న నేను చూశాను. ఆ తర్వాత ఉపన్యాసం. ఆ తర్వాత నన్ను జ్ఞాపికగా ఏరియా ఆఫీసులో కొత్తగా పెట్టబోయే గనుల జ్ఞాపకాల గదికి బహూకరించారు. దండతో సహా జీపు వెనక ఎక్కించి, నా పక్కన భోజనం గిన్నెలు సర్ది, అధికారులంతా గెస్ట్‌హౌస్‌కు బయలుదేరారు. ప్రాణులను కాపాడే సభలో పప్పుచారు చల్లారిపోతుందన్న బెంగే అందరికంటే ముందుండటం నాకు కొత్త కాదు.

తర్వాత గోడ దగ్గర జరిగింది నేను చూడలేదు. ఓదెలూ కొమురవ్వా తర్వాత ఆ మాటలు తలుచుకోగా విన్నదే చెబుతున్నాను. కౌసల్య వచ్చేసరికి పక్షులు ఆకాశంలో చుక్కల్లా ఉన్నాయి. “ఎవరు కూయించిన్రు?” అందట. జనం ఉంటే దిగవేమోనని మిగిలిన కాలనీవాళ్ళను పంపేసింది. దిగలేదు. ఎండ గూటి మీదికి ఎక్కింది. దుర్బిణిలో చూస్తే పిల్ల నోరు తెరిచి ఒగరుస్తోంది, మెడ వాల్చేస్తోంది. కింది చరియ మీదికి కాకులు చేరాయి. పెద్ద పక్షులు మాత్రం ఎత్తున తిరుగుతూనే ఉన్నాయి, పోవూ, రావూ.

“పిల్లను ఇడిసిపెట్టినయా?” అన్నాడు ఓదెలు.

సభకొచ్చిన కాలనీవాళ్ళు తిన్న విస్తర్లు ఎత్తుతున్న కొమురవ్వ నిలబడి చూసింది. పాడు పిట్ట అనలేదు. “ఇడిసిపెడితే పోయేటియి గద. అవి ఎదురుసూస్తన్నయి.” మొగుడి వైపు తిరిగింది. “మూడో కూత కూసినవా?”

“ఇయ్యాల ఏం పేల్చిన్రే, మూడో కూత కూయడానికి?”

“పేల్చలేదని నాకు తెల్సు, నీకు తెల్సు. ఆటికి తెల్సా? మూడోది ఇనకుండ నేను ఒక్కనాడన్న చేట బయట పెట్టిన్నా? పిల్లను కన్న తల్లి గూట్లె కాలు పెడ్తదా?”

ఓదెలు కౌసల్య బండి వెనక ఎక్కాడు.

గెస్ట్‌హౌస్ వాకిట్లో జీపు ఉంది. “సారు చెప్పంది దించ. దండేసి ఇచ్చిందాన్ని మల్ల అడుగుతవేందే తాతా?” అన్నాడు డ్రైవరు. గొడవకు ప్రాజెక్టు ఆఫీసరు ఎంగిలి చేత్తోనే బయటికొచ్చాడు. ఓదెలు చేతులు జోడించాడు. “సారూ, పిల్ల ఎండకు మాడుతాంది. ఒక్క కూత మిగిలింది. కూసినంక మీ సైరన్ మీరు తీస్కపోండ్రి.” ప్రాజెక్టు ఆఫీసరు ఓదెలును చూశాడు, కౌసల్య మొహం చూశాడు. చెయ్యి ప్యాంటుకు తుడుచుకొని తానే జీపు ఎక్కాడు. లోపలినుంచి పెద్దసారు పిలుస్తున్నా వెనక్కి తిరగలేదు.

గోడకు ఎదురుగా నన్ను దించారు. ప్రాజెక్టు ఆఫీసరు నా కాళ్ళు కదలకుండా పట్టుకున్నాడు. ఓదెలు పిడిని కళ్ళకద్దుకోలేదు, అంత తీరిక లేదు. తిప్పాడు. మొదటి కూతకు చెయ్యి హెచ్చుతగ్గులైనా చెల్లుతుంది. మూడో కూతకు చెయ్యి తొణకకూడదు. ఆ ముసలి చెయ్యి వణికితే నేను చెప్పే మాట మారిపోతుంది. పళ్ళు బిగబట్టి తిప్పాడు. నేను ఎక్కకుండా దిగకుండా, ఒకే ఎత్తులో కూశాను. భయం లేదు, రండి.

రాలేదు.

ఓదెలు ఆగాడు. ఒగర్పు. గుంతలో నా గొంతు చాలాసేపు తిరిగి ఆరిపోయింది. నాకు పైకొన పోయిన గుట్ట గుర్తొచ్చింది. ఇదే కూత నమ్మి అవి దిగిన రోజు గుర్తొచ్చింది. నేను అవైతే మళ్ళీ నమ్ముతానా? “నడుమ పేలుడు ఇనపడలేదు గద, అందుకేనేమో” అంది కౌసల్య.

“ఇంకోపాలి కూయి” అంది కొమురవ్వ. ఎప్పుడు వచ్చిందో, విస్తర్లు ఎత్తిన చేతులతోనే వచ్చి నిలబడింది. “నీకు ఆయాసమైతే నాకియ్యి.” ఆమే వచ్చి మొగుడి చేతి మీద చెయ్యి వేసింది. ఇద్దరూ కలిసి తిప్పారు. ఇన్నేళ్ళు నా మాట విన్న చెయ్యి మొదటిసారి నా మాటకు ఊపిరి పోసింది. నేను మళ్ళీ కూశాను.

చుక్కల్లోంచి ఒక చుక్క పెద్దదైంది. రెక్కలు ముడిచి, కాళ్ళు చాచి, గోడ ముందు ఓసారి తేలి, చరియ మీద దిగింది. కాకులు లేచిపోయాయి. రెక్క విచ్చుకొని పిల్ల మీద నీడ పడింది. కౌసల్య దుర్బిణి దించకుండానే, “మెడ లేపింది, మెడ లేపింది” అంటూ ఉండిపోయింది. ప్రాజెక్టు ఆఫీసరు ఇంకా నా కాళ్ళు వదల్లేదు. కొమురవ్వ కొంగుతో మొహం తుడుచుకొని, మైసమ్మ గద్దె వైపు ఓ దండం పెట్టి, మిగిలిన విస్తర్లు ఎత్తడానికి పోయింది.

ఆ సాయంత్రమే నన్ను ఏరియా ఆఫీసుకు తెచ్చారు. అప్పటినుంచి ఈ అద్దాల పెట్టెలో ఉన్నాను. నా ముందు చీటీ ఉంది, ‘పాతకాలపు చేతి సైరన్. దయచేసి తాకరాదు’ అని. బడిపిల్లలు వస్తారు, చూస్తారు, పక్కనున్న గని కార్మికుల దీపపు టోపీ బాగుందని అటు పోతారు.

మొన్న దసరాకు ఓదెలూ కొమురవ్వా వచ్చారు. గది చూసుకునే మనిషి పెట్టె తెరవనన్నాడు. ఓదెలు బతిమాలలేదు, నా ఎదురుగా అద్దానికే బొట్టు పెట్టాడు. పండుగ కదా, ఆ మనిషి కూడా తుడవలేదు.

“ఎగిరింది” అన్నాడు ఓదెలు నాతో. “రోహిణి కార్తెల ఎగిరింది. ముందుగాల చరియ మీదనే రెక్కలు కొట్టుకున్నది, దుంకినట్టే దుంకి ఎనకకు పోయింది. మీ కొమురవ్వ తిట్టింది. తిట్టినంక ఎగిరింది.”

“నేనెక్కడ తిట్టిన? ఎగురవే పాడుదానా అన్న” అంది కొమురవ్వ.

గోడ గోడగానే ఉంది. ప్రాజెక్టు ఆఫీసరు మాట నిలబెట్టుకున్నాడు. అయితే అతనికి బదిలీ అయింది. దీపావళి దాటాక పక్క గోడను వాలు చేసే పని మొదలవుతుందట. కొత్త కాంట్రాక్టరు కొత్త కరెంటు సైరన్ తెచ్చుకున్నాడట. దానికి ఒకటే కూత, మీట నొక్కితే మోగుతుంది, వదిలితే ఆగుతుంది, మూడో కూత దానికి రాదు. పక్షులు మళ్ళీ గూడు పెట్టేది కూడా దీపావళి దాటాకే. కౌసల్య ఆఫీసుల చుట్టూ తిరుగుతోందట, పని నెలలు మార్చమని అడుగుతోందట. “అడుగుతాంది. ఇంటరో ఇనరో” అంది కొమురవ్వ. ఆమె నన్ను చూసి దండం పెట్టలేదు. ఎప్పుడూ పెట్టదు. అద్దం మీద చెయ్యి మాత్రం ఆనించి తీసింది.

వాళ్ళు వెళ్ళాక నేను మైసమ్మను ఒకటి అడిగాను. తల్లీ, అబద్ధం చెప్పకూడదంటారు కదా. భయం లేదు, రండి అని ఆ పక్షులతో అన్న కూతల్లో రెండు నన్ను వదలవు. మొదటిసారి గుట్ట లేదు. రెండోసారి గోడ ఉంది, నీడ ఉంది, పిల్ల బతికింది. ఆ రెండో మాట నిజంగానే ఉంటుందా? ఉంచడం నా వల్ల అవుతుందా? అమ్మవారిని కూడా మళ్ళీ జరుపుతారేమో.

అవి మళ్ళీ వస్తాయి. నా మాట నమ్మి వస్తాయి. పిడి ఇంకా నా ఒంటికే ఉంది. దాన్ని తిప్పే చెయ్యి అద్దానికి అవతల ఉంది.